షుగర్‌కి ఆకులు, కాయలు, గింజలు, పొడులు: తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఉన్న ఇంట్లో మందుల డబ్బా పక్కన ఇంకో సీసా కూడా ఉంటుంది. మెంతిపొడో, నేరేడు గింజల పొడో, ఊరి నుంచి ఎవరో పంపిన పేరు తెలియని ఆకుల పొడో. 2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది అంచు మీద ఉన్నారు. కాబట్టి ఇలాంటి సీసాలు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. వాటి గురించి జనం మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సూటిగా జవాబులు రాశాను.

యాంటీఆక్సిడెంట్లకీ షుగర్‌కీ అసలు సంబంధం ఉందా, లేక ఇది అమ్మకాల కోసం పుట్టించిన మాటా?

సంబంధం ఉంది. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువసేపు ఎక్కువగా ఉంటే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా మోతాదుకు మించి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ని, అంటే చుట్టుపక్కల వాటిని దెబ్బతీసే చురుకైన పదార్థాన్ని, తయారుచేస్తాయి. ఇలాంటివాటిని అణిచేవే యాంటీఆక్సిడెంట్లు. కంటిలోని సన్నటి రక్తనాళాలు, కిడ్నీలు, కాళ్ళ నరాలు పాడవడానికి మూలం ఇదేనని మైకేల్ బ్రౌన్లీ అనే అమెరికా శాస్త్రవేత్త 2001లో ప్రతిపాదించాడు, ఇప్పటికీ ఆ వాదనకి విలువ ఉంది. దీనికి తోడు ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఈ దాడిని తట్టుకునే ఎంజైములు మిగతా అవయవాలతో పోలిస్తే తక్కువ, అందుకే అవి త్వరగా దెబ్బతింటాయి.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. "అయితే యాంటీఆక్సిడెంట్లు మింగేస్తే షుగర్ తగ్గిపోతుంది" అనే దగ్గరే తేడా వస్తుంది.

మరి విటమిన్ సీ, విటమిన్ ఈ బిళ్ళలు వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఇది ఊహించి చెప్పే మాట కాదు, పెద్ద పెద్ద ప్రయోగాలు చేసి చూశారు. హోప్ అనే అధ్యయనంలో 9,500 మందికి పైగా గుండెజబ్బు ముప్పున్నవాళ్ళకి (మూడో వంతు పైగా షుగర్ ఉన్నవాళ్ళే) సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఈ, మిగతా సగానికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి నాలుగున్నరేళ్ళు గమనించారు. గుండెపోట్లలో తేడా రాలేదు, 2000లో ఫలితాలు ప్రకటించారు. ఇంకా ముందు, 1994లో, ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకి బీటాకెరోటిన్ బిళ్ళలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది 2009లో జర్మనీలో జరిగిన ప్రయోగం. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, కొందరికి మాత్రం విటమిన్ సీ, ఈ కూడా ఇచ్చారు. బిళ్ళలు వేసుకోనివాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెట్టింది, వేసుకున్నవాళ్ళలో ఆ మేలు కనిపించలేదు. వ్యాయామం చేసినప్పుడు పుట్టే కొద్దిపాటి ఫ్రీ రాడికల్సే శరీరాన్ని సర్దుకోమని హెచ్చరిస్తాయట, ఆ హెచ్చరికని బిళ్ళలు నొక్కేశాయి. వైద్యుడు ఏదో లోపం చూసి రాస్తే వేరే సంగతి, మనంతట మనం కొనుక్కుని మింగడంలో అర్థం లేదు.

ఫలానా ఆకులో యాంటీఆక్సిడెంట్లు నారింజ కన్నా వంద రెట్లు ఎక్కువని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

ల్యాబ్‌లో నిజమే కావచ్చు. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రవంలో ఆకు రసం కలిపి, రంగు ఎంత త్వరగా విరిగిపోతే అంత శక్తి ఉన్నట్టు లెక్కగడతారు. కడుపులో జీర్ణమై, కాలేయం దాటి, రక్తంలోకి చేరేసరికి ఆ పదార్థంలో మిగిలేది చాలాసార్లు చిటికెడు కూడా కాదు. ఇలాంటి అంకెలతో ఆహారపదార్థాల పెద్ద పట్టిక ఒకటి తయారుచేసిన అమెరికా వ్యవసాయ శాఖే, కంపెనీలు దాన్ని ప్రచారానికి వాడుకుంటున్నాయనీ, ఆ అంకెలకీ మనిషి ఆరోగ్యానికీ ముడి కనబడట్లేదనీ చెప్పి 2012లో దాన్ని వెనక్కి తీసేసుకుంది. అలాంటి ఫార్వర్డ్ వస్తే "ఎంతమంది మనుషుల మీద చూశారు?" అని ఒక్క మాట అడగండి చాలు.

అంటే ఆకుకూరలు, కాయలు తినడం దండగ అంటారా?

అయ్యో, అలా అనలేదు. తినండి, ఇంకా ఎక్కువ తినండి. కాకపోతే వాటి మేలు యాంటీఆక్సిడెంట్ అనే ఒక్క మాటలో ఇమడదు. పీచు పిండిపదార్థాన్ని నెమ్మదిగా అరిగేలా చేస్తుంది, కొన్నిటిలోని పాలీఫెనాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు పేగుల్లో పిండిని చక్కెరగా మార్చే ఎంజైముల్ని కాస్త అడ్డుకుంటాయి (అకార్బోస్ అనే షుగర్ మందు చేసే పని కూడా ఇదే), పైగా కంచంలో కూర పెరిగితే అన్నం తగ్గుతుంది. ఆ చివరిది వినడానికి చప్పగా ఉంటుంది కానీ గ్లూకోమీటర్‌లో ముందు కనిపించేది అదే.

మెంతులు నిజంగా పనిచేస్తాయా? ఎంత తినాలి, ఎలా తినాలి?

వంటింటి సరుకుల్లో ఎక్కువ ఆధారం ఉన్నది మెంతులకే, ఆ ఆధారంలో మంచి వాటా మన హైదరాబాద్‌దే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980ల నుంచే దీని మీద పనిచేశారు. 1990లో వాళ్ళు ప్రచురించిన ఒక అధ్యయనంలో టైప్ 1 షుగర్ (శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్నవాళ్ళకి నూనె తీసేసిన మెంతిపిండి రోజుకి 100 గ్రాములు, మధ్యాహ్నం సగం రాత్రి సగం, పది రోజులు పెట్టారు. పరగడుపు షుగర్ తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. (ఇన్సులిన్ మాన్పించలేదు, అది గుర్తుంచుకోండి.) కాకపోతే రోజుకి 100 గ్రాముల మెంతిపిండి ఎవరు తింటారు చెప్పండి, రొట్టెల్లో కలిపినా చేదే. తర్వాత 2015లో వచ్చిన అధ్యయనంలో మోతాదు మనుషులు తినగలిగేంతకి దిగింది: ప్రీడయాబెటిస్ ఉన్న, అంటే షుగర్ అంచు మీద ఉన్న, 140 మందిలో ఒక వర్గానికి భోజనానికి ముందు ఐదు గ్రాముల చొప్పున రెండుపూటలా మెంతిపొడి మూడేళ్ళ పాటు ఇస్తే, వాళ్ళలో షుగర్‌లోకి జారినవాళ్ళు బాగా తక్కువ.

ఇది ఎలా జరుగుతుందంటే, మెంతుల్లో గాలక్టోమానన్ అనే జిగురు పీచు ఉంటుంది. నానబెట్టినప్పుడు చేతికి అంటుకునేది అదే. అది పేగుల్లో గంజిలా చిక్కబడి గ్లూకోజ్ ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలకి సాయపడుతుందని జంతువుల మీద, కణాల మీద చూశారు. మెంతుల్లో పాలీఫెనాల్స్ కూడా ఉన్నాయి గానీ అసలు పని పీచుదే.

అందుకే రాత్రి నానబెట్టి పొద్దున్నే నీళ్ళు తాగేసి గింజలు పారేయడం నాకు అస్సలు అర్థం కాదు. పీచంతా గింజల్లోనే ఉండిపోయింది కదా! నీళ్ళతో పాటు గింజలు కూడా నమిలి తినండి, లేదా దోరగా వేయించి పొడికొట్టి మజ్జిగలో కలుపుకోండి. ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టి రెండు మూడుకి పెంచండి, ఒకేసారి పెంచితే గ్యాస్, విరేచనాలు తప్పవు. ఇతర మందులు వేసుకోవడానికీ దీనికీ కనీసం గంట తేడా ఉంచండి, జిగురు మందుని కూడా ఆలస్యం చేయగలదు. వేరుశనగ, శనగల ఎలర్జీ ఉన్నవాళ్ళు జాగ్రత్త, మెంతి కూడా అదే కుటుంబం. గర్భిణులు తాలింపులో వేసుకునేంతవరకు పరవాలేదు, చెంచాల లెక్కన మాత్రం వద్దు.

మెంతికూర మంచిదే, పప్పులో వేసుకోండి. గింజల మీద జరిగిన ప్రయోగాల ఫలితాల్ని మాత్రం ఆకుకి అంటగట్టకండి.

కాకరకాయ జ్యూస్ రోజూ పరగడుపున తాగుతున్నాను. మంచిదే కదా?

కాకరలో చరాంటిన్, పాలీపెప్టైడ్-పి లాంటి పదార్థాలు ఉన్నాయి, కొంత ప్రభావమూ ఉంది. ఎంత అంటే, 2011లో థాయ్‌లాండ్‌లో జరిగిన నాలుగు వారాల ప్రయోగంలో రోజుకి రెండు గ్రాముల కాకరపొడి షుగర్‌ని తగ్గించింది గానీ, 1000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ తగ్గించినంత కాదు. 2012లో కాక్రేన్ సంస్థ అప్పటివరకు వచ్చిన ప్రయోగాలన్నిటినీ వడగట్టి "సిఫారసు చేయడానికి ఇవి చాలవు" అని తేల్చింది.

కూరగా తినడమే మేలు. కాకపోతే మనవాళ్ళు కాకరకాయ పులుసులో బెల్లం గడ్డ వేస్తారు, వేపుడైతే నూనెలో ముంచి తీస్తారు, తర్వాత "కాకరకాయ తిన్నాను కదా" అని ఇంకో రెండు గరిటెలు అన్నం పెట్టుకుంటారు. ఉల్లికారం పెట్టి తక్కువ నూనెలో మగ్గించండి.

జ్యూస్ గురించి ఒక గట్టి హెచ్చరిక. కాకర, సొర కలిపి జ్యూస్ చేసుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి. సొరకాయ ఒక్కోసారి చేదుగా కాస్తుంది, ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం. వాంతులు, రక్తపు విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాంటి జ్యూస్ తాగి చనిపోయాక ఐసీఎంఆర్ కమిటీ వేసి, చేదుగా ఉన్న సొర జ్యూస్ తాగొద్దని ప్రకటించింది. కాకర కలిపితే చేదు సొరదో కాకరదో నాలుకకి తెలిసే అవకాశమే లేదు, ప్రమాదం అక్కడే ఉంది.

జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైము తక్కువగా ఉండటం) ఉన్నవాళ్ళు కాకర గింజలకి, జ్యూస్‌కి దూరంగా ఉండాలి. గింజల్లోని వైసిన్ వాళ్ళ ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టగలదు.

నేరేడు పండ్లు? నేరేడు గింజల పొడి?

పండు చక్కగా తినండి, ఆ ఊదారంగంతా ఆంథోసయనిన్లు అనే యాంటీఆక్సిడెంట్లే. అయినా అది పండే, అందులో చక్కెర ఉంది, గుప్పెడు చాలు. "షుగర్‌కి మందు కదా" అని సీజన్‌లో అరకిలో లాగించేవాళ్ళని చూశాను. గింజల పొడికి జంతువుల మీద మంచి ఫలితాలు వచ్చాయి, మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆధారం పలచన. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీ ఇచ్చి చూస్తే షుగర్ మీద ప్రభావమే కనబడలేదు.

ఉసిరి, పసుపు కంటికి మంచివట, కంటిశుక్లం రాదట?

ఈ మాటకి మూలం మళ్ళీ జాతీయ పోషకాహార సంస్థే. షుగర్ వచ్చేలా చేసిన ఎలుకలకి ఆహారంలో పసుపులోని కర్క్యుమిన్, ఉసిరిలోని టానిన్లు కలిపి పెడితే కంటిశుక్లం ఆలస్యమైందని అక్కడివాళ్ళు చూపించారు. మంచి పరిశోధన, కానీ ఎలుకల్లో. మనుషుల్లో శుక్లం ఆగిందని దీన్నిబట్టి చెప్పలేం, ఏడాదికోసారి కంటి పరీక్ష మానేయడానికి ఇది సాకు కాదు.

కార్తీకంలో వచ్చే పచ్చి ఉసిరికాయ పచ్చడి చేసుకోండి, రోజుకొకటి నమలండి. బెల్లంపాకం ఉసిరి, తేనె ఉసిరి, చ్యవనప్రాశ మాత్రం మిఠాయి కిందే లెక్క. పసుపు కూరలో వేసుకునేంత వాడితే ఏ భయమూ లేదు. కర్క్యుమిన్ గుళికల సంగతి వేరు: అది మామూలుగా రక్తంలోకి సరిగా చేరదని మిరియాల సారం కలిపి అమ్ముతారు, అలాంటివి వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ నమోదయ్యాయి.

పొడపత్రి నమిలితే తీపి తెలియదు కదా, అంటే రక్తంలో చక్కెరని కూడా చంపేస్తుందా?

ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, పిల్లలకి చూపిస్తే భలే సరదా. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాల్ని కాసేపు మూసేస్తాయి. అది నాలుకకి సంబంధించిన విషయం, రక్తానిది కాదు. రక్తం సంగతికొస్తే, 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్ళు టైప్ 2 షుగర్ (పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్న 22 మందికి మందులతో పాటు రోజుకి 400 మిల్లీగ్రాముల ఆకు సారం ఏడాదిన్నర పైన ఇస్తే షుగర్ తగ్గి, ఐదుగురు మందులే ఆపగలిగారు. ఆశ పుట్టించే ఫలితమే, కానీ ఎవరికి ఏమిచ్చారో తెలియకుండా చీటీలేసి పంచిన ప్రయోగం కాదది. మందులతో కలిపితే షుగర్ మరీ పడిపోవచ్చు కాబట్టి వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

బిళ్ళగన్నేరు ఆకులు రోజూ నాలుగు నమలమని పక్కింటావిడ చెప్పింది.

వద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని గుర్తుపెట్టుకోండి.

దీనివెనక ఒక గొప్ప కథ ఉంది. జమైకాలో కూడా మన ఊళ్ళలోలాగే ఈ ఆకు టీ షుగర్‌కి తాగేవాళ్ళు. 1952లో క్లార్క్ నోబుల్ అనే కెనడా డాక్టర్‌కి తన పేషెంటు ఒకరు అక్కడి నుంచి ఆకులు పంపితే, ఆయన వాటిని పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్‌కి ఇచ్చాడు. (ఈ క్లార్క్, 1921లో ఇన్సులిన్‌ని కనుక్కున్న ప్రయోగాల్లో శాస్త్రవేత్త బాంటింగ్‌కి సహాయకుడిగా ఎవరు ముందు చేరాలో తేల్చడానికి నాణెం ఎగరేస్తే ఓడిపోయినవాడని చెబుతారు. గెలిచింది చార్లెస్ బెస్ట్.) రాబర్ట్ ఆ కషాయాన్ని ఎలుకలకి తాగించాడు, షుగర్ తగ్గలేదు. సూదితో ఎక్కించాడు, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. కారణం వెతికితే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోయాయని తేలింది. తర్వాత చార్లెస్ బీర్‌తో కలిసి 1958లో ఆ పదార్థాన్ని విడదీశారు: విన్‌బ్లాస్టిన్, ఈనాటికీ లింఫోమాలకి (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లకి) వాడే మందు. పిల్లల రక్తక్యాన్సర్‌లో వాడే విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్కదే.

షుగర్‌ మందు కోసం వెతికితే దొరికింది కీమోథెరపీ అన్నమాట. అసలే షుగర్ ఉన్నవాళ్ళకి ఇన్ఫెక్షన్లు త్వరగా పడతాయి, కాళ్ళలో నరాలు బలహీనంగా ఉంటాయి, ఈ పదార్థాలు సరిగ్గా ఆ రెండిటి మీదే దెబ్బకొడతాయి. ఇంకో భయం కూడా ఉంది. పేరులో గన్నేరు ఉంది కదా అని ఎవరైనా మామూలు గన్నేరు ఆకు నమిలితే అది గుండెనే ఆపేయగలదు.

తిప్పతీగ?

కరోనా రోజుల్లో పెరట్లో తిప్పతీగ లేని ఇల్లు లేదన్నట్టు తాగారు. 2021లో ముంబై వైద్యులు దీన్ని వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు, మరుసటి ఏడు దేశవ్యాప్తంగా 43 కేసులు పోగేశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అలాగే కనిపించే వేరే జాతి తీగ వాడి ఉంటారంది. సరే, ఏ తీగో మనకి మాత్రం తెలుస్తుందా? థైరాయిడ్, కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (శరీర రక్షణ వ్యవస్థ తన మీదే తిరగబడేవి) ఉన్నవాళ్ళు, కొవ్వుపట్టిన కాలేయం ఉన్నవాళ్ళు దూరంగా ఉండటమే మేలు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్ళండి.

నర్సరీలో "ఇన్సులిన్ మొక్క" అని అమ్ముతున్నారు, అందులో ఇన్సులిన్ ఉంటుందా?

ఉండదు. పేరు అంతే. ఒకవేళ ఉన్నా నోటితో తింటే ఇన్సులిన్ కడుపులోనే అరిగిపోతుంది, అందుకేగా సూదితో తీసుకునేది. కుండీలో అందంగా ఉంటుంది, పెంచుకోండి.

దాల్చినచెక్క పొడి వేడినీళ్ళలో తాగుతున్నా.

2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద జరిగిన ఒక ప్రయోగంతో దీనికి పేరొచ్చింది, తర్వాతవాటిలో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. పచారీ కొట్లో దొరికే మందపాటి, గట్టి చెక్క ఎక్కువగా కాసియా రకం, అందులో కాలేయానికి పడని కూమరిన్ ఎక్కువ. పలచటి పొరలు పొరలుగా చుట్టుకుని సులువుగా విరిగే సిలోన్ రకంలో అది చాలా తక్కువ. బిర్యానీలో వేసే ముక్కకి భయపడక్కర్లేదు, రోజూ చెంచాలు చెంచాలు మాత్రం వద్దు.

మునగాకు, కరివేపాకు, గోంగూర, తోటకూర... వీటిలో ఏది బెస్ట్?

దొరికింది, తాజాది, మీ ఇంట్లో తినేది. మునగాకులో క్వెర్సెటిన్, కరివేపాకులో కార్బజోల్ ఆల్కలాయిడ్లు, ఎర్ర గోంగూరలో ఆంథోసయనిన్లు అని ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పొచ్చు గానీ, వారంలో నాలుగు రకాలు తిరగేస్తే అన్నీ వస్తాయి. కరివేపాకుని ఏరి కంచం అంచున పెట్టకుండా తినడానికి కారం పొడే మార్గం. ఆకుకూర పప్పు ముందు నాలుగు ముద్దలు ఉత్తగానే తిని, తర్వాత అన్నం కలుపుకుని చూడండి, రెండు గంటల తర్వాతి రీడింగ్‌లో తేడా మీకే కనిపిస్తుంది.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు ఆకుకూరల్లోని పొటాషియం గురించి, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు గోంగూర, పాలకూరల్లోని ఆక్సలేట్ గురించి డాక్టర్‌ని అడగాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూర మానక్కర్లేదు గానీ, ఒకవారం అసలు తినకుండా ఇంకోవారం రోజూ తినడం లాంటివి చేయొద్దు.

రాగిజావ తాగితే షుగర్ పెరుగుతోంది, చిరుధాన్యాలు మంచివన్నారు కదా?

రాగి మంచిదే, జావ చేయడంలోనే తిరకాసు. మెత్తగా పట్టించిన పిండిని నీళ్ళలో ఉడికించి తాగితే అరగడానికి ఏమీ మిగలదు, గబగబా రక్తంలోకి ఎక్కేస్తుంది. అదే రొట్టె చేసుకుని కూరతో తింటే నయం. పటాన్‌చెరు దగ్గరున్న వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2021లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, క్రమంగా చిరుధాన్యాలు తిన్న షుగర్ రోగుల్లో పరగడుపు షుగర్ సగటున 12 శాతం తగ్గినట్టు చెప్పింది. అన్నం బదులు తింటేనే సుమా, అన్నంతో పాటు కాదు. పాలిష్ పట్టని కొర్రలు, సామలు అడిగి తీసుకోండి.

ఆన్‌లైన్‌లో "నెలరోజుల్లో షుగర్ మాయం" అని పొడి అమ్ముతున్నారు, వాడిన చుట్టానికి బాగా తగ్గింది కూడా.

బాగా తగ్గిందంటేనే నాకు అనుమానం. మూలికల పొడిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి అల్లోపతి షుగర్ మందు రహస్యంగా కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది. ఎంత కలిపారో తెలియదు కాబట్టి ఏ రాత్రయినా షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. భారలోహాల బెడద ఇంకోటి: 2004లో అమెరికాలోని బోస్టన్ కొట్లలో అమ్ముతున్న, దక్షిణాసియాలో తయారైన ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. అన్నట్టు, షుగర్‌ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. చట్టాన్నే లెక్కచేయనివాడు డబ్బాలో ఏం వేశాడో నిజం చెబుతాడా?

ఇవన్నీ తింటూ టాబ్లెట్లు మానేయొచ్చా? ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడుచేస్తాయంటారు.

కిడ్నీల్ని పాడుచేసేది ఎక్కువ కాలం అదుపు తప్పిన షుగరే. మెట్‌ఫార్మిన్ అంటే భయపడేవాళ్ళకి ఒక మాట: దానికి మూలం యూరప్‌లో షుగర్ లక్షణాలకి వాడిన గలీగా అనే మొక్క. అందులోని గ్వానిడిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుంది గానీ విషపూరితం, దాని బంధువుల్లో భద్రమైనదాన్ని వెతికి, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ మనుషుల మీద వాడి ఫలితాలు ప్రకటించాడు. మీరు మింగే బిళ్ళ కూడా ఒకరకంగా మూలికా వైద్యం నుంచే వచ్చింది, మోతాదు తెలుసు, అంతే తేడా. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక మోతాదు తగ్గించడమో ఆపడమో చేస్తారు, అది డాక్టర్ పరీక్షలు చూసి చెప్పాలి.

టైప్ 1 పిల్లల విషయంలో బేరమే లేదు. ఏ ఆకు పెట్టినా ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఆపితే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) వచ్చి ప్రాణం మీదికొస్తుంది.

మరి నాకు మెంతిపొడి పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఒకసారికి ఒక్కటే మార్చండి. మెంతులు, కాకర, నడక, కొర్రలు అన్నీ ఒకే సోమవారం మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో బ్రహ్మకి కూడా తెలియదు. మొదలుపెట్టకముందు ఒక వారం పరగడుపున, తిన్న రెండు గంటలకి రీడింగులు రాసిపెట్టుకోండి, మొదలుపెట్టాక అదే తిండికి అదే వేళకి మళ్ళీ రాయండి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. గ్లిమిపిరైడ్ లాంటి మందులో, ఇన్సులినో వాడుతుంటే చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే షుగర్ చూసుకుని, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్ళీ చూసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ రీడింగుల కాగితంతో పాటు పొడి సీసా కూడా సంచిలో వేసుకెళ్ళండి, తిడతారేమోనని దాచొద్దు. ఆపరేషన్ ఏదైనా ఉంటే కనీసం రెండు వారాల ముందే ఏమేం తింటున్నారో మొత్తం చెప్పాలి.